సమూహ చికిత్సలో పరిపుష్టి, స్వీయభావన: మేధో వైకల్యం గల విద్యార్థుల విషయంలో ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• స్వీయభావన, పరిపుష్టి అనే భావనలు ఎలా రూపొందాయో వివరించగలుగుతారు.
• మేధో వైకల్యం గల వారిని చట్టాలు, సంస్థలు చూసిన తీరులో వచ్చిన మార్పును కాలక్రమంలో చెప్పగలుగుతారు.
• సమూహంలో ఇచ్చే పరిపుష్టి ఎప్పుడు మేలు చేస్తుందో, ఎప్పుడు కీడు చేస్తుందో గుర్తించగలుగుతారు.
• ఈ విషయాలను దిగువ కృష్ణా డెల్టా పరిస్థితులకు అన్వయించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

నాగాయలంక నుంచి మచిలీపట్నం వచ్చే బస్సులో ఒక తల్లి, ఇరవై ఏళ్ల ఆమె కొడుకు కూర్చున్నారని అనుకోండి. ఇది ఊహించిన సన్నివేశమే. అయినా ఈ ప్రాంతంలో ఉన్న మీకు కొత్తది కాదు. వాళ్లు సదరం శిబిరానికి వెళ్తున్నారు. అక్కడ డాక్టరు ప్రశ్నలు అడుగుతారు, తల్లి జవాబులు చెబుతుంది. "స్నానం తనే చేస్తాడండి. డబ్బులు లెక్కపెట్టలేడండి. ఒక్కణ్ణీ బజారుకు పంపలేమండి." కొడుకు పక్కనే కూర్చుని అంతా వింటాడు. చివరికి వైకల్య శాతంతో ధ్రువపత్రం వస్తుంది. పింఛనుకూ బస్సు పాసుకూ ఆ కాగితం కావలసిందే. తల్లి చేసిందీ డాక్టరు చేసిందీ తప్పు కాదు. కాని తన గురించి ఇంత వివరంగా మాట్లాడుకున్న ఆ పూట మొత్తంలో ఆ యువకుణ్ణి ఎవరూ ఒక్క మాటా అడగలేదు.

తిరుగు ప్రయాణంలో అతను తన గురించి ఏమనుకుంటాడు? ఈ ప్రశ్నే ఈ యూనిట్‌కు ఆధారం. ఒక మనిషి తన గురించి తాను ఏర్పరచుకున్న అభిప్రాయాల మొత్తాన్ని స్వీయభావన అంటాం. తాను చేసిన పని ఎలా ఉందో ఇతరుల నుంచి గాని, ఫలితం నుంచి గాని తెలుసుకోవడాన్ని పరిపుష్టి అంటాం. ఫీడ్‌బ్యాక్ అని మనం రోజూ వాడే మాట ఇదే. ఈ రెండింటి మధ్య సంబంధాన్ని మనస్తత్వ శాస్త్రం ఎలా అర్థం చేసుకుందో, మేధో వైకల్యం గల వారికి ఆ జ్ఞానం అందడానికి ఎందుకు ఆలస్యమైందో ఇప్పుడు చూద్దాం.

2. స్వీయభావన: అద్దంలో కనిపించే నేను

1890లో అమెరికా తత్వవేత్త విలియం జేమ్స్ "నేను" అనే అనుభవాన్ని మనస్తత్వ శాస్త్రంలో ఒక ప్రధాన విషయంగా చర్చించాడు. మనిషికి ఒక సామాజిక "నేను" కూడా ఉంటుందనీ, అది మనల్ని ఎరిగిన వారి గుర్తింపు మీద ఆధారపడుతుందనీ అతను అన్నాడు. 1902లో సామాజిక శాస్త్రవేత్త ఛార్లెస్ కూలీ ఈ ఆలోచనను అద్దంతో పోల్చాడు. అతని ప్రకారం ఇందులో మూడు మెట్లున్నాయి. ఇతరులకు మనం ఎలా కనిపిస్తున్నామో ఊహించుకుంటాం. దాన్ని బట్టి వాళ్లు మన గురించి ఏమనుకుంటున్నారో ఊహించుకుంటాం. ఆ ఊహ వల్ల మనకు గర్వమో సిగ్గో కలుగుతుంది.

రెండో మెట్టును జాగ్రత్తగా గమనించండి. మనం చూసుకునేది ఇతరుల అభిప్రాయాన్ని కాదు, ఆ అభిప్రాయం గురించి మన ఊహను. ఎవరూ నేరుగా చెప్పనప్పుడు ఊహ ఒక్కటే మిగులుతుంది. మన పల్లెల్లో ఇలాంటి పిల్లల గురించి "మాలోకం", "వెర్రిబాగులవాడు", "బుర్ర ఎదగలేదు" వంటి మాటలు వాళ్ల ముందే అనడం మామూలు. వాడికేం అర్థమవుతుందిలే అన్న ధైర్యంతో అంటారు. కాని మాట అర్థం కాకపోయినా ఆ మాట అన్న గొంతు, దానికి వచ్చిన నవ్వు అర్థమవుతాయి.

3. చట్టాలు పెట్టిన పేర్లు

ఈ అద్దాన్ని ఇంటివారూ ఊరివారూ మాత్రమే తయారు చేయలేదు. ప్రభుత్వాలు, శాస్త్రాలు కూడా అందులో పాలుపంచుకున్నాయి. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సైమన్ బడిలో ప్రత్యేక సాయం కావలసిన పిల్లలను గుర్తించడానికి ఒక పరీక్ష రూపొందించారు. సాయం కోసం పుట్టిన ఆ కొలత కొద్ది కాలంలోనే మనుషులను తరగతులుగా విడదీసే సాధనమైంది. 1913లో ఇంగ్లండు చేసిన చట్టం ఇలాంటి వారిని ఇడియట్లు, ఇంబెసైళ్లు, ఫీబుల్ మైండెడ్ అంటూ వర్గీకరించింది. ఈ రోజు తిట్లుగా వినిపించే ఈ మాటలు అప్పట్లో చట్టపరమైన పదాలు.

అప్పటికి కృష్ణా జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. ఇక్కడ అమలైనది 1912 నాటి భారత ఉన్మాద చట్టం. దాని నిర్వచనంలో మేధో వైకల్యం గల మనిషి, మానసిక రోగం ఉన్న మనిషి ఇద్దరూ ఒకే పదం కింద చేరారు. మానసిక రోగం రావచ్చు, తగ్గవచ్చు, దానికి మందులుంటాయి. మేధో వైకల్యం ఎదుగుదలకు సంబంధించినది. దానికి కావలసింది బోధన, అభ్యాసం, తోడ్పాటు. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం తన నిర్వచనం నుంచి బుద్ధిమాంద్యాన్ని మినహాయించేదాకా ఈ గందరగోళం చట్టంలోనే ఉంది. "పిచ్చి" అనే మాట రెండింటికీ వాడే అలవాటు మన వ్యవహారంలో ఇప్పటికీ పోలేదు.

ఆ తరవాత మార్పులు వేగంగా వచ్చాయి. 1992లో భారత పునరావాస మండలి చట్టం, 1995లో వికలాంగుల చట్టం, 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చాయి. 2007లో మన దేశం ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. దానికి అనుగుణంగా చేసిన 2016 హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. బుద్ధిమాంద్యం స్థానంలో మేధో వైకల్యం అనే మాట వచ్చింది. పేరు మారినంత మాత్రాన చూపు మారదు. కాని పాత పేరుతో కొత్త చూపు అలవడడం కూడా కష్టమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) కూలీ చెప్పిన మూడు మెట్లు ఏవి?
(ఆ) 1912 చట్టానికీ 1987 చట్టానికీ మధ్య ఈ విషయంలో ఉన్న ముఖ్యమైన తేడా ఏమిటి?

4. పరిపుష్టి: ఒక సాయంత్రం జరిగిన సంఘటన

సమూహ చికిత్సకు ఆరంభంగా సాధారణంగా 1905వ సంవత్సరాన్ని చెబుతారు. ఆ ఏడాది బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ప్రాట్ పేద క్షయ రోగులను ఒక తరగతిలా కూర్చోబెట్టి వ్యాధి గురించి బోధించాడు. తన బోధన కంటే రోగులు ఒకరికొకరు చెప్పుకున్న ధైర్యం ఎక్కువ పనిచేస్తోందని క్రమంగా గ్రహించాడు. 1934లో శామ్యూల్ స్లావ్‌సన్ న్యూయార్క్‌లో పిల్లలకు మాటలతో కాకుండా బొమ్మలు, చేతిపనులు, ఆటల ద్వారా సమూహ చికిత్స మొదలుపెట్టాడు. మాట తక్కువగా ఉన్న పిల్లలకు కూడా సమూహం ఉపయోగపడగలదని చూపడం వల్ల ఈ పద్ధతి మన విషయానికి చాలా ముఖ్యం.

పరిపుష్టి అనే భావన ఇంజనీరింగు నుంచి వచ్చింది. ఒక వ్యవస్థ తన పని ఫలితాన్ని తిరిగి తీసుకుని తదుపరి పనిని సరిచేసుకోవడమే దాని అర్థం. మీ ప్రాంతంలోని రొయ్యల చెరువును గుర్తు తెచ్చుకోండి. రైతు మేత చల్లాక చెక్ ట్రే పైకి తీసి ఎంత మేత మిగిలిందో చూస్తాడు. మిగిలితే తదుపరి మేత తగ్గిస్తాడు, మిగలకపోతే పెంచుతాడు. ట్రే రైతును తిట్టదు, పొగడదు. జరిగినది చూపుతుంది, అంతే. మంచి పరిపుష్టి స్వభావం ఇదే.

ఈ భావన మనుషుల సమూహాల్లోకి ప్రవేశించిన సందర్భం 1946లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో జరిగింది. జాతి వివక్షను ఎదుర్కొనే కార్యకర్తలకు మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ బృందం ఒక శిక్షణ శిబిరం నిర్వహించింది. పగలు చర్చలు జరిగేవి. సాయంత్రం పరిశీలకులు కూర్చుని, ఆ రోజు ఎవరు ఎలా ప్రవర్తించారో తమలో తాము మాట్లాడుకునేవారు. ఒక సాయంత్రం శిక్షణలో ఉన్నవారు కొందరు వచ్చి తామూ వింటామన్నారు. లెవిన్ ఒప్పుకున్నాడు. తన ప్రవర్తన గురించి పరిశీలకుడు చెప్పినది విని ఒక స్త్రీ, జరిగింది అది కాదంటూ తన వైపు నుంచి చెప్పింది. చర్చ ఎంతో జీవంతో సాగింది. మర్నాటి నుంచి మరింతమంది రాసాగారు. శిబిరం మొత్తంలో అందరికీ ఎక్కువ ఉపయోగపడింది ఆ సాయంత్రపు సమావేశాలే. 1947లో లెవిన్ మరణించిన తరవాత అతని సహచరులు ఈ పద్ధతిని శిక్షణ సమూహాలుగా విస్తరించారు.

ఇక్కడ జరిగిన మార్పు చిన్నదిగా కనిపిస్తుంది. అంతకుముందు మనిషి గురించి అతని పరోక్షంలో మాట్లాడుకునేవారు. ఇప్పుడు అతని ఎదుటే మాట్లాడారు, అతని మాటకూ చోటిచ్చారు. సదరం శిబిరంలోని యువకుడు ఎదుటే ఉన్నాడు. కాని అతని మాటకు చోటు లేదు. పరిపుష్టికి ఈ రెండూ కావాలి.

5. సమూహం వెలుపల మిగిలినవారు

ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలం దాకా మాటలతో చేసే చికిత్సకు కొంత తెలివి తప్పనిసరి అన్న అభిప్రాయం బలంగా ఉండేది. అందువల్ల మేధో వైకల్యం గల వారికి శిక్షణ ఇచ్చారే గాని, మీ గురించి మీరేమనుకుంటున్నారని అడిగినవారు తక్కువ.

1960లలో అమెరికా పరిశోధకుడు ఎడ్వర్డ్ జిగ్లర్ ఒక ముఖ్యమైన విషయం గమనించాడు. పదే పదే ఓడిపోయిన పిల్లలు తమ ఆలోచనను నమ్మడం మానేసి, జవాబు కోసం ఎదుటివారి ముఖం చూస్తారు. దీన్ని బాహ్య నిర్దేశితత్వం అన్నాడు. ఇది తెలివి తక్కువ కావడం వల్లనే వచ్చేది కాదు, ఓటమి అనుభవం నేర్పిన అలవాటు. నేర్చుకున్నదాన్ని మార్చుకోవచ్చు గనుక ఇందులో ఆశ ఉంది.

1967లో రాబర్ట్ ఎడ్జర్టన్ కాలిఫోర్నియాలో ఒక పెద్ద సంస్థ నుంచి విడుదలై ఊళ్లలో బతుకుతున్నవారి జీవితాలను పరిశీలించి పుస్తకం రాశాడు. తమకు పడిన ముద్రను దాచుకోవడానికి వారు ఎంతో శ్రమపడుతున్నారని అందులో చూపాడు. వాళ్లకేం తెలియదులే అనుకున్న సమాజానికి ఇది జవాబు. తమ గురించి లోకం ఏమనుకుంటోందో వారికి బాగా తెలుసు.

1970లో స్వీడన్‌లోని మాల్మో నగరంలో మేధో వైకల్యం గల 50 మంది యువతీ యువకులు ప్రతినిధులుగా సమావేశమై తమ కోరికలు తామే ప్రకటించారు. తమను పెద్ద గుంపులుగా ఊళ్లో తిప్పవద్దని కోరడం వాటిలో ఒకటి. 1974లో అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రం సేలం పట్టణంలో ఇలాంటి వారే ఒక సంఘం పెట్టుకున్నారు. వైకల్యం కంటే ముందు తాము మనుషులమని చెప్పే "పీపుల్ ఫస్ట్" అనే పేరును ఎంచుకున్నారు. ఆ సంవత్సరమే అక్టోబరులో జరిగిన సమావేశానికి 500 మందికి పైగా వచ్చారు. ఇవి చికిత్స సమూహాలు కావు. కాని స్వీయభావనను మార్చడంలో తోటివారి సమూహానికి ఎంత బలం ఉందో ఇవి చూపాయి.

6. తెలుగునాట పరిణామాలు

మన దేశంలో ఈ పిల్లల కోసం ప్రత్యేక పాఠశాలలు చాలాకాలం పెద్ద నగరాలకే పరిమితమయ్యాయి. బొంబాయిలో జై వకీల్ పాఠశాల 1944లో మొదలైంది. హైదరాబాద్‌లో 1968లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ ఏర్పడింది. 1984లో సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వం జాతీయ సంస్థను నెలకొల్పింది. ఈ రోజు దాని పేరులో బుద్ధిమాంద్యం అన్న మాట లేదు, మేధో వైకల్యం గల వ్యక్తుల సాధికారత అన్న మాట ఉంది.

ఆ సంస్థలో రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ 1992లో భారతీయ పిల్లల కోసం ఒక ప్రవర్తన మాపని తయారు చేశారు. అందులో మొదటి భాగంలో ఏడు రంగాలకు చెందిన 280 నైపుణ్యాలున్నాయి. పిల్లవాడి తెలివి ఎంత అని అడగకుండా, ఈ పని తనంతట తాను చేస్తాడా, చెబితే చేస్తాడా, చేయి పట్టి చేయిస్తే చేస్తాడా అని ఈ మాపని అడుగుతుంది. ఒక సంఖ్య స్థానంలో చేయగల పనుల జాబితా వచ్చింది. పని గురించి చెప్పే పరిపుష్టికి ఇలాంటి జాబితాయే పునాది.

డెల్టా పల్లెలకు ఈ మార్పు రెండు దారుల్లో వచ్చింది. ఒకటి, సర్వశిక్షా అభియాన్ కాలంలో మండల స్థాయిలో వచ్చిన భవిత కేంద్రాలు. ఇంట్లో ఒంటరిగా ఉండిపోయిన పిల్లలు తమలాంటి మరికొందరిని కలుసుకునే వీలు వీటి వల్ల కలిగింది. రెండోది, వెలుగు పథకం కాలంలో గ్రామాల్లో ఏర్పడిన వికలాంగుల స్వయం సహాయక సంఘాలు. మేధో వైకల్యం గల పిల్లల తరఫున వాటిలో సాధారణంగా తల్లిదండ్రులు కూర్చుంటారు. తల్లిదండ్రులకు సమూహం దొరికింది. ఆ పిల్లలు పెద్దవారయ్యాక వారికి కూడా అలాంటి సమూహం కావాలి కదా! ఇంకా పూర్తికావలసిన అధ్యాయం ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) బాహ్య నిర్దేశితత్వం అంటే ఏమిటి? అది ఎలా ఏర్పడుతుంది?
(ఆ) 1992 నాటి మాపని ప్రత్యేకత ఏమిటి?

7. సమూహంలో పరిపుష్టి ఎలా పనిచేస్తుంది?

పరిపుష్టి ఎప్పుడూ మంచే చేస్తుందనుకోవడం పొరపాటు. 1996లో క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు అంతకుముందు జరిగిన ఎన్నో పరిశోధనలను కలిపి పరిశీలించారు. సగటున పరిపుష్టి మేలే చేసినా, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు తగ్గిందని తేలింది. మనిషి దృష్టి పని మీద నుంచి తన మీదికి మళ్లే కొద్దీ పరిపుష్టి ఫలితం తగ్గుతుందని వారు వివరించారు. 2007లో హాటీ, టింపర్లీ కూడా వ్యక్తిని ఉద్దేశించిన పొగడ్త నేర్చుకోవడానికి అతి తక్కువగా ఉపయోగపడుతుందన్నారు.

దీన్ని ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. గుడివాడలో ఒక పగటి కేంద్రంలో ఏడుగురు యువతీ యువకులు వారానికి రెండుసార్లు ఒకే సమయంలో, ఒకే గదిలో గుండ్రంగా కూర్చుంటారు. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ కమ్మలను అట్టలకు గుచ్చే పని చేస్తారు. చివరి పది నిమిషాలు ఒక్కొక్కరూ తమ అట్టను అందరికీ చూపుతారు. ఒక అమ్మాయి అంటుంది: "అన్నయ్యా, రెండు కమ్మలూ ఒక పక్కనే గుచ్చావు." అతను చూసుకుని ఒకటి తీసి రెండో పక్క గుచ్చుతాడు. "ఇప్పుడు సరిపోయింది" అని ఆమె అంటుంది. తరవాత అతను ఆమె అట్టను చూసి చెబుతాడు.

ఈ చిన్న సంభాషణలో నాలుగు అంశాలున్నాయి. మాట పని గురించి ఉంది. పని కళ్లెదుట ఉండగానే మాట వచ్చింది. సరిచేసుకునే అవకాశం వెంటనే దొరికింది. చివరిగా, పరిపుష్టి పొందినవాడే ఇచ్చేవాడు కూడా అయ్యాడు. "నువ్వు మంచిపిల్లాడివి" అనే మాటలో వీటిలో ఒక్కటీ లేదు. పైగా ఇరవై ఏళ్ల మనిషిని అది పిల్లవాడిని చేస్తుంది.

నాలుగో అంశం అన్నిటికంటే ముఖ్యం. జీవితమంతా ఇతరుల తీర్పు వింటూ వచ్చిన మనిషికి, తన మాట విని ఇంకొకరు తమ పని మార్చుకోవడం కొత్త అనుభవం. నా చూపుకూ విలువ ఉందన్న భావన అక్కడ మొదలవుతుంది.

ఒక హెచ్చరిక. 1981లో క్యారల్ సిగెల్మన్ బృందం, మేధో వైకల్యం గల వారు సందేహం కలిగినప్పుడు "అవును" అనే మొగ్గు చూపుతారని తేల్చింది. "ఇక్కడ నీకు బాగుందా?" అంటే "ఆఁ, బాగుందండి" అంటారు. "బాగాలేదా?" అన్నా "ఆఁ" అంటారు. అందుచేత నిర్వాహకులు అవును, కాదు అనే ప్రశ్నలు తగ్గించాలి. రెండు బొమ్మలు చూపి ఒకటి ఎంచుకోమనాలి. "కాదు" అని చెప్పినవారిని మెచ్చుకోవాలి. 1984లో సుసాన్ హార్టర్, రాబిన్ పైక్ చిన్న పిల్లల స్వీయభావన తెలుసుకోవడానికి బొమ్మల మాపని తయారుచేశారు. ఇలాంటి బొమ్మల పద్ధతి ఇక్కడ ఉపయోగపడుతుంది.

8. దివిసీమ గుర్తుచేసే విషయం

స్వీయభావన మనసుకు మాత్రమే సంబంధించిన సుకుమారమైన విషయం అని మీకు అనిపించవచ్చు. దివిసీమ చరిత్ర ఆ అభిప్రాయాన్ని మారుస్తుంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ఈ తీరంలో పదివేల మందికి పైగా చనిపోయారు. ఆ తరవాత తుపాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికల వ్యవస్థ మెరుగుపడింది. కాని హెచ్చరిక విని కదలవలసింది మనిషే.

జవాబు కోసం ఎప్పుడూ ఎదుటివారి ముఖం చూడడం నేర్చుకున్న యువకుడు, ఎదుట ఎవరూ లేనప్పుడు ఏం చేస్తాడు? కోడూరులోనో నాగాయలంకలోనో ఒక సమూహం షెల్టరుకు నడిచే దారిని నెలకొకసారి అభ్యాసం చేస్తుందనుకోండి. ఒక్కోసారి ఒక్కొక్కరు ముందు నడుస్తారు. తిరిగి వచ్చాక కూర్చుని, మలుపు దగ్గర ఎవరు ఆగారు, ఎవరు దారి చూపారు అని మాట్లాడుకుంటారు. వాళ్లు నేర్చుకునేది దారి మాత్రమే కాదు. "నేను ముందు నడవగలను" అన్నది కూడా నేర్చుకుంటారు. ప్రకృతి విపత్తుల్లో వికలాంగులకు సమాన రక్షణ ఉండాలని 2016 చట్టం 8వ సెక్షన్ చెబుతోంది. ఆ రక్షణలో షెల్టరు గోడలతో పాటు ఈ నమ్మకానికీ స్థానం ఉంది.

9. పరిమితులు

సమూహ చికిత్స శిక్షణ పొందిన నిపుణులు చేయవలసిన పని. పునరావాస మనస్తత్వవేత్తలు, ప్రత్యేక ఉపాధ్యాయులు పునరావాస మండలిలో నమోదై ఉండాలి. మీరు ఉపాధ్యాయులుగా, అంగన్‌వాడీ కార్యకర్తలుగా నడిపే సమూహ కృత్యం ఉపయోగకరమే గాని దాన్ని చికిత్స అని పిలవకూడదు. సమూహంలో చెప్పుకున్న మాట ఊళ్లోకి వెళ్లకూడదు. చిన్న పల్లెలో ఇది తేలిక కాదు, కనుక మొదటి రోజే అందరికీ అర్థమయ్యేలా చెప్పాలి. సమూహంలో ఒకరే ఎప్పుడూ తప్పులు వినవలసి వస్తే అది మేలుకు బదులు పాత గాయాన్నే రేపుతుంది. ఇంట్లో పాత పిలుపులే కొనసాగితే వారానికి రెండు గంటల సమూహం చేయగలిగింది తక్కువ. కుటుంబంతో మాట్లాడడం కూడా ఈ పనిలో భాగమే.

సారాంశం

స్వీయభావన ఇతరుల చూపు నుంచి ఏర్పడుతుందని 1902 నాటికే శాస్త్రం గ్రహించింది. మనిషి ఎదుటే మాట్లాడి, అతని మాటకూ చోటిస్తే ఆ చూపు పరిపుష్టిగా మారుతుందని 1946 అనుభవం చూపింది. మేధో వైకల్యం గల వారికి మాత్రం ఈ అవకాశం దశాబ్దాల ఆలస్యంగా, వారు తామే అడిగిన తరవాత దక్కింది. తెలుగునాట సంస్థలు, చట్టాలు, మండల కేంద్రాలు ఏర్పడ్డాయి. వారి గురించి మాట్లాడడం మనం నేర్చుకున్నాం. వారితో మాట్లాడడం, వారు మన గురించి చెప్పేది వినడం ఇంకా నేర్చుకోవాలి. ఈసారి మీరు అలాంటి ఒక తల్లినీ కొడుకునూ బస్సులో కలిస్తే, మొదటి ప్రశ్న కొడుకును అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. స్వీయభావన రూపొందడంలో ఇతరుల పాత్రను కూలీ భావన ఆధారంగా వివరించండి.
2. మేధో వైకల్యానికి సంబంధించి 1912 నుంచి 2016 దాకా చట్టాల్లో వచ్చిన మార్పులను కాలక్రమంలో రాయండి.
3. వ్యక్తిని ఉద్దేశించిన పొగడ్తకూ పని గురించిన పరిపుష్టికీ తేడా ఏమిటి? మీ ఊరి నుంచి ఒక ఉదాహరణ ఇవ్వండి.
4. మీ మండలంలోని భవిత కేంద్రాన్ని అనుమతి తీసుకుని సందర్శించండి. అక్కడ ఒక గంటలో పెద్దలు పిల్లలతో అన్న మాటల్లో పని గురించినవి ఎన్ని, వ్యక్తి గురించినవి ఎన్ని అని లెక్కించి, పేర్లు రాయకుండా ఒక పుట నివేదిక తయారు చేయండి.